కష్టం వచ్చిన ఇంట్లో మళ్లీ దీపం

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్లు అన్నీ విన్నారు. అవి మనకు ముఖ్యమే. అయితే ఈ ఏడు పాలకవర్గంలో ఒక మాట వచ్చింది. కంతు కట్టని సభ్యురాలిని ఎందుకు కట్టలేదని అడుగుతున్నాం. మీటింగుకు రాని సభ్యురాలికి జరిమానా రాస్తున్నాం. ఆమె మనసు ఎట్టా ఉందో మాత్రం మనం ఏ పుస్తకంలోనూ రాసుకోవడం లేదు. కష్టకాలం దాటి వచ్చిన వాళ్లలో ఎవరైనా ఒకరు లేచి మాట్లాడితే బాగుంటుందని పెద్దలు అన్నారు. అట్టా ఈ మైకు నా చేతికి వచ్చింది. నేను చదివింది పదో తరగతి. పురాణం చెప్పేదాన్ని కాను. నాకు జరిగింది, మా సంఘంలో నేను చూసింది, మీకు పనికొస్తుంది అనుకున్నది చెప్తాను.

నాలుగేళ్ల కిందట మా ఆయన చనిపోయాడు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లవారుజామున గుండె నొప్పి అన్నాడు. ఆటో ఊరి పొలిమేర దాటకముందే అయిపోయింది. అప్పటికి నాకు ముప్పై ఒకటి. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. ఆయన కోతలప్పుడు ట్రాక్టరు తోలేవాడు, మిగతా రోజుల్లో ఎకరా కౌలుకు చేసేవాళ్లం. మా మీద సంఘం అప్పు ఉంది, బయట అప్పు కూడా కొంత ఉంది.

పదో రోజు ఏం చేస్తారో ఇక్కడున్న వాళ్లందరికీ తెలుసు. గాజులు, బొట్టు, పూలు. ఆ పని చేసినవాళ్లు నా మీద పగ ఉన్నవాళ్లు కాదు, నా సొంతవాళ్లే, ఏడ్చుకుంటానే చేశారు. ఆ రోజు నుంచి నాకు దేవుడి మీద కోపం వచ్చింది. ఈ మాట అనేందుకు నేను సిగ్గుపడను. మీలో చాలామందికి వచ్చి ఉంటుంది, బయటికి అనరు, అంతే. పెళ్లయినప్పటి నుంచి ఒక్క శుక్రవారం తప్పకుండా దీపం పెట్టినదాన్ని, ఎనిమిది నెలలు దేవుడి గూడు తలుపు తియ్యలేదు. పండగలు వచ్చినాయి, పొయినాయి. పిల్లలకు వండి పెట్టాను, వాళ్లు తిన్నారు, నాకు ఏ రుచీ తెలియలేదు. తెల్లారితే ఎందుకు లేవాల అనిపించేది.

పలకరించడానికి వచ్చినవాళ్లు రకరకాల మాటలు చెప్పారు. కర్మ అన్నారు, రాత అన్నారు. పోయిన జన్మలో ఏం చేశామో అన్నారు. పిల్లల ముఖం చూసి బతకమన్నారు. వాళ్లు మంచికే చెప్పారు. కానీ కాలిన చోట చెయ్యి పెడితే, పెట్టింది ప్రేమతోనైనా మండుతుంది. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె మాత్రం ఏమీ చెప్పలేదు. రోజూ దీపాలు పెట్టే వేళకు వచ్చి అరుగు మీద కూర్చునేది. చింతాకు పప్పో, వంకాయ కూరో గిన్నెలో తెచ్చేది. ఒక్కోరోజు గంటసేపు కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడకుండా లేచి పొయ్యేది. ఎనిమిది నెలల్లో ఆమె రాని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు ఆలోచిస్తే, నేను తలుపు మూసిన దేవుడు ఆ గిన్నె పట్టుకుని అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడేమో అనిపిస్తుంది.

సంఘం కూడా ఊరికే ఉండలేదు. మూడు నెలల కంతులు గ్రూపు సొంత నిధి నుంచి బ్యాంకుకు కట్టి, తర్వాత నేను విడతలుగా గ్రూపుకు కట్టేటట్టు మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాశారు. యానిమేటర్ నన్ను బ్యాంకుకు తీసుకుపోయింది. మా ఆయన ఖాతాలో నుంచి ఏడాదికోసారి బీమా డబ్బు కట్ అయ్యేదని నాకు తెలియనే తెలియదు. ఆ కాగితాలు పెడితే 2 లక్షలు వచ్చినాయి. బయట అప్పు తీరింది. మిగిలిన దానికి స్త్రీనిధి అప్పు కలిపి ఒక పాడి గేదెను కొన్నాను.

గేదె సంగతి ఎందుకు చెప్తున్నానంటే, తెల్లారి ఎందుకు లేవాల అనుకునే మనిషిని అది నాలుగున్నరకే అరిచి లేపేది. దానికి నా దుఃఖంతో పని లేదు. గడ్డి వెయ్యాల, పాలు పితకాల, ఆరు గంటలకల్లా పాల కేంద్రానికి చేర్చాల. ఆ చీకట్లో కుడితి కలుపుతా ఉంటే తూరుపు తెల్లబడేది. చాలా కాలం తర్వాత నేను తెల్లవారడం చూసింది అప్పుడే. మనసు బాగుపడినాక పని చేద్దామని కూర్చునుంటే నేను ఇంకా అక్కడే ఉండేదాన్ని. చేతులు ముందు కదిలినాయి, మనసు మెల్లగా వాటి వెనకాలే వచ్చింది.

కార్తీక మాసం వచ్చింది. ఒక సాయంత్రం మా పాప తులసి కోట దగ్గర ప్రమిద పెట్టి, నూనె పోసి, నన్ను పిలిచింది. నేను పోలేదు. అది లోపలికి వచ్చి, "అమ్మా, మనింట్లో దీపం ఎప్పుడూ నువ్వేగా పెట్టేది. నాన్న పోతే నువ్వెందుకు మానేశావు?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. పొయ్యి వెలిగించాను. ఆ రోజు ఏ కోరికా కోరలేదు. ఆయన్ని తిరిగి ఇవ్వమని అడగలేను, ఇంకేమీ అడగాలని లేదు. ఊరికే నిలబడ్డాను. కోపం పోలేదు కానీ, కోపం పెట్టుకుని కూడా దేవుడి ముందర నిలబడొచ్చని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత నుంచి మళ్లీ శుక్రవారం దీపం పెడుతున్నాను.

మీలో తిరుమల పోయినవాళ్లు చాలామంది ఉంటారు. అక్కడ ఉచితంగా అన్నం పెట్టే పెద్ద భవనం పేరు గుర్తుందా? మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం. అన్నం తిని వచ్చాము కానీ ఆ వెంగమాంబ ఎవరో మనలో ఎందరు అడిగాం? ఆమె చిత్తూరు సీమలో తరిగొండ అనే పల్లెలో పుట్టింది. ఇది 18వ శతాబ్దం మాట. చిన్నతనంలో పెళ్లి చేశారు, చిన్నతనంలోనే భర్త పోయాడు. జుట్టు తీసెయ్యాలని, బొట్టు చెరిపెయ్యాలని ఊరి పెద్దలు ఒత్తిడి పెట్టారు. స్వామే నా భర్త, నేను తియ్యను అని ఆమె నిలబడింది. నిందలు పడింది, ఊరు విడిచి తిరుమల చేరింది, అక్కడే ఉండి ఎన్నో గ్రంథాలు రాసింది. వేంకటాచల మాహాత్మ్యం ఆమె రాసిందే. ఈ రోజుకీ రాత్రిపూట స్వామికి ఏకాంత సేవలో ఆమె పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. ఏ విధవ ఎదురొస్తే అపశకునం అన్నారో, ఆమె హారతి తీసుకుని స్వామి నిద్రపోతాడు. అట్టాంటప్పుడు మన ఊళ్లో పెళ్లి పందిట్లో అక్షింతలు వెయ్యడానికి ఒక తల్లి వెనక్కి ఎందుకు నిలబడాల? మీరే ఆలోచించండి.

మా సంఘంలో ఒక సాయిబుల అక్క ఉంది. నా సంగతి చూసి, ఆ ఏడు మొహర్రం నెలలో నన్ను నెల్లూరు రొట్టెల పండగకు తీసుకుపోయింది. మన జిల్లా వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఉద్యోగం రొట్టె అని ఎవరికి కావలసింది వాళ్లు అడిగి తీసుకుంటారు. అన్ని మతాల వాళ్లూ వస్తారు. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు రొట్టె చేసుకుని వచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్లకు ఇవ్వాల. నేను ఏ రొట్టె అడగాలో తెలియక నిలబడితే ఆ అక్క "ధైర్యం అడుగు" అంది. అట్టాంటి రొట్టె ఉందో లేదో నాకు తెలియదు. ఒకామె నవ్వి, నేను తెచ్చింది ఆరోగ్యం రొట్టె, మనసు ఆరోగ్యం కూడా ఆరోగ్యమే కదమ్మా అని చేతిలో పెట్టింది. ఆమె ఎవరో నాకు తెలియదు.

మరుసటి ఏడు నేను రొట్టె చేసుకుని పొయ్యాను. నీళ్లలో నిలబడి ఆరోగ్యం రొట్టె, ఆరోగ్యం రొట్టె అని పిలుస్తా ఉంటే ఒక పిల్ల వచ్చి తీసుకుంది. పోయినేడు తీసుకున్న చెయ్యి ఈ ఏడు ఇస్తా ఉంది. ఆ రోజు నాకు బాగా అర్థమయింది, నేను కష్టం నుంచి బయటపడ్డానని. బాధ మొత్తం తీరిందని కాదు. ఇంకొకరికి ఇవ్వడానికి నా దగ్గర ఏదో ఉందని తెలిసింది.

ఇది ఒక్క మనిషి సంగతే కాదు అక్కా. మన జిల్లా ఆడవాళ్లందరికీ ఒక చీకటి కాలం ఉండేది. మా అమ్మ వయసు వాళ్లను అడగండి, సారాయి రోజులు ఎట్టా ఉండేవో చెప్తారు. మగాడి కూలి సారాయి కొట్టుకు పొయ్యేది, ఇంటికి దెబ్బలు వచ్చేవి. అప్పుడు సాక్షరతా ఉద్యమం రాత్రి బళ్లలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు, దూబగుంటలో రోశమ్మ గారి లాంటి వాళ్లు ముందుకొచ్చి సారాయి వద్దన్నారు. ఆ ఊళ్లో మొదలైంది జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లే సారాయి కొట్టుకు పొయ్యే డబ్బుల్లో రోజుకో రూపాయి దాచుకుందామని పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. ఈ రోజు మనం కూర్చున్న కుర్చీలు ఆ రూపాయి మీద నిలబడి ఉన్నాయి. కన్నీళ్ల నుంచి పుట్టిన సంఘాలు మనవి. అందుకే ఏడ్చే మనిషిని చూసి మన సంఘం పక్కకు తప్పుకోకూడదు.

ఇప్పుడు పనికొచ్చే మాటలు కొన్ని చెప్తాను. యానిమేటర్లు రాసుకోండి.

ఒక సభ్యురాలి ఇంట్లో చావు జరిగితే మొదటి పది రోజులు ఆమెతో ఏ కాగితం మీదా సంతకం, వేలిముద్ర పెట్టించనివ్వకండి. పొలం పంపకమైనా, అప్పు నోటైనా, పెద్దవాళ్లు చెప్పారన్నా సరే, ఆగమనండి. మరణాన్ని 21 రోజుల్లోపల నమోదు చేయించండి. ఆ సర్టిఫికెట్ లేకపోతే మిగతా ఏ పనీ నడవదు. తర్వాత తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పెట్టించండి.

బీమా సంగతి. 18 నుంచి 50 ఏళ్ల లోపు వాళ్లు బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరొచ్చు. ఏడాదికి 436 రూపాయలు. ఏ కారణంగా చనిపోయినా ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. ప్రమాదానికి సురక్ష బీమా వేరే ఉంది, ఏడాదికి 20 రూపాయలు, 70 ఏళ్ల దాకా. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు ఉండేటట్టు చూసుకోవాల, లేకపోతే బీమా ఆగిపోతుంది. మీ ఇంటాయన పేరు మీద ఉందో లేదో ఈ రోజు ఇంటికి పోయి పాస్ పుస్తకం చూడండి. నామినీ పేరు ఎవరిదో కూడా చూడండి.

ఆస్తి సంగతి. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం, వీలునామా రాయకుండా భర్త చనిపోతే ఆయన సొంత ఆస్తిలో భార్యకు, పిల్లలకు, ఆయన తల్లికి సమానంగా భాగం ఉంటుంది. కూతురుకు కూడా కొడుకుతో సమానమే. ఇది ఎవరో దయ తలిచి ఇచ్చేది కాదు. మన ముస్లిం, క్రైస్తవ అక్కచెల్లెళ్లకు చట్టాలు వేరుగా ఉన్నాయి. ఎవరికైనా సరే, ఆడవాళ్లకు న్యాయ సేవల సంస్థ ద్వారా వకీలు సాయం ఉచితం. 15100 కి ఫోన్ చెయ్యొచ్చు. వితంతు పింఛను మన రాష్ట్రంలో ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు. సచివాలయంలో దరఖాస్తు చెయ్యాల.

ఇక మనసు సంగతి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతకడం దండగ అనిపించడం వారాల తరబడి ఉంటే దాన్ని గాలి సోకిందనో, దృష్టి తగిలిందనో వదిలెయ్యకండి. 14416 టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ నంబరు ఉంది. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పూజ, ప్రార్థన, నమాజు చేసుకునేవాళ్లు డాక్టరు దగ్గరికి పోతే భక్తి తగ్గిపోదు. జ్వరానికి మాత్ర వేసుకుంటే తగ్గని భక్తి దీనికి ఎందుకు తగ్గుతుంది?

చివరిగా, మా గ్రామైక్య సంఘంలో ఈ ఏడు జరిగిన ఒక విషయం. సంఘం మీటింగుల్లో దీపం వెలిగించేది, తాంబూలం ఇచ్చేది వరసగా అందరూ చెయ్యాలని, భర్త ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని తేడా పెట్టకూడదని తీర్మానం పెట్టాం. ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. సంఘానికి అరిష్టం అన్నారు, లోన్లు ఆగిపోతాయి అని కూడా అన్నారు. అప్పుడు మా పెద్దమ్మ, నేను చెప్పానే ఆ గిన్నె తెచ్చిన పెద్దమ్మ, లేచింది. ఆమెకు భర్త పోయి నలభై ఏళ్లు. "నలభై ఏళ్లుగా మీ అందరి పొలాల్లో నాటు వేస్తా ఉన్నాను. నా చెయ్యి పెట్టిన నారు ఎండిపోయిందా? ఆ బియ్యమే కదా మీరు తినేది, దేవుడికి పెట్టేది. మడిలో పనికొచ్చిన చెయ్యి తాంబూలం కాడికి వచ్చేసరికి ఎట్టా చెడిపోయింది?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. తీర్మానం పాసయింది. మరుసటి మీటింగులో మొదటి దీపం ఆమెతోనే వెలిగించాం. లోన్లు ఏవీ ఆగలేదు, మా వసూళ్లు ఇందాక చదివిన లెక్కల్లో మీరే విన్నారు. ఒకరిద్దరు ఇప్పటికీ ఆ వేళకు బయటికి పొయ్యి నిలబడతారు. వాళ్లతో మేము పోట్లాట పెట్టుకోవడం లేదు. వాళ్లు కూడా మా వాళ్లే, నిదానంగా వస్తారు.

మన సమాఖ్యకు నేను మూడు తీర్మానాలు అడుగుతున్నాను. ఒకటి, ఇంట్లో చావు జరిగిన సభ్యురాలికి ఏడాది పాటు మీటింగుకు రాలేదని జరిమానా రాయొద్దు. రెండు, ఆమె గ్రూపు నుంచి ఇద్దరిని పేరు పెట్టి నియమించాల. వాళ్లు వారానికి ఒకసారైనా పొయ్యి కూర్చోవాల, కాగితాల పనికి వెంట తిరగాల, వసూలు మాట ఆ రోజు ఎత్తకూడదు. మూడు, దీపం, తాంబూలం విషయంలో మా ఊరి తీర్మానం అన్ని గ్రామైక్య సంఘాల్లో చర్చకు పెట్టాల.

ఎందుకు తొందరపడుతున్నానంటే, మా పక్క ఊరి సంఘంలో ఇరవై ఆరేళ్ల పిల్ల ఉంది. రెండు నెలల కిందట రోడ్డు ప్రమాదంలో భర్త పోయాడు. చంటిబిడ్డ తల్లి. మూడు మీటింగులకు రాలేదు. ఈ రోజు కూడా రాలేదు. తలుపు దగ్గరికి వేసుకుని ఇంట్లోనే ఉంటుందంట. నేను రెండుసార్లు పొయ్యాను, మాట్లాడలేదు. మాట్లాడకపోయినా పరవాలేదు, అరుగు మీద కూర్చుని వచ్చాను. రేపు మళ్లీ పోతాను. ఆ ఊరి అక్కలు ఇక్కడ ఉన్నారు. మీరు కూడా రండి. సలహాలు మోసుకుని రావద్దు, గిన్నెలో కూర తీసుకుని రండి.

ఆ పిల్ల ఏ దేవుడిని నమ్ముతుందో నాకు తెలియదు. ఇప్పుడు ఏ దేవుడినీ నమ్మడం లేదేమో కూడా. అది ఆమె, ఆ దేవుడు తేల్చుకునే సంగతి. ఆమె తలుపు తీసిన రోజున ఎదురుగా మనలో ఒకరు కూర్చుని ఉండాల. అది మన చేతిలో ఉన్న పని.

 భోజనాలు చేసి పోవాలని కోరుతున్నాను.